మధ్య సీజన్ బట్టలంటే నాకెందుకింత ఇష్టం?

పోయిన నవంబర్‌లో డల్లాస్ నుంచి అక్క ఒక ఫొటో పెట్టింది. పెద్ద బట్టల షాపు. ఒక పక్క మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని కోట్లు, మందపాటి స్వెటర్లు. ఇంకో పక్క పల్చటి లినెన్ చొక్కాలు, చేతుల్లేని గౌన్లు, ఎండ టోపీలు. కింద వాయిస్ మెసేజ్: "ఏమే, వీళ్లకేమైనా పిచ్చా? చలికి ఇక్కడ మా వేళ్లు కొంకర్లు పోతుంటే ఈ ఎండాకాలం బట్టలు ఎవరు కొంటారే?"

నేను ఒక్క లైన్ రిప్లై ఇచ్చా. "నువ్వే అక్కా! సంక్రాంతికి ఇంటికి వస్తున్నావుగా!"

రెండు నిమిషాలు సైలెన్స్. తర్వాత నాలుగు నవ్వు ఎమోజీలు. ఆ తర్వాత రెండు చొక్కాల ఫొటోలు. "సరే గానీ, వీటిలో ఏది బాగుంది?"

ఈ వారం మన కబుర్లు ఆ చొక్కాల గురించే. అంటే, ఏ సీజన్‌కీ చెందనట్టు కనిపిస్తూ రెండు సీజన్ల మధ్యలో వచ్చే డిజైనర్ బట్టల గురించి. నాకు వాటి మీద ఉన్న పిచ్చి గురించి. ఆ పిచ్చి వల్ల నేర్చుకున్న ఒక చిన్న పాఠం గురించి కూడా.

ఇంతకీ ఏంటీ మధ్య సీజన్?

ఫ్యాషన్ ప్రపంచానికి ఏడాదిలో పెద్ద పండగలు రెండు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ వరుసగా వచ్చే ఏడాది వసంతం, వేసవి బట్టలు చూపిస్తాయి. మళ్లీ ఫిబ్రవరి, మార్చిలలో చలికాలం బట్టలు. మన రీల్స్‌లో తిరిగే వింత డ్రెస్సులు, 'దీన్ని ఎవరైనా వేసుకుంటారా' అని మనం కామెంట్లు పెట్టేవి, ఎక్కువగా ఈ రెండు పండగల్లోవే.

వీటి మధ్య చడీచప్పుడు లేకుండా ఇంకో రెండు కలెక్షన్లు వస్తాయి. మొదటిది రిసార్ట్. దీన్నే క్రూజ్ అని కూడా అంటారు. సాధారణంగా మే, జూన్‌లలో చూపిస్తారు, నవంబర్ నుంచి షాపుల్లో పెడతారు. రెండోది ప్రీ-ఫాల్. చలికాలంలో చూపిస్తారు, మే, జూన్ నాటికి షాపులకు చేరుతుంది. అక్కకు కనిపించిన ఎండాకాలం బట్టలు ఈ రిసార్ట్ బాపతువే.

మన సినిమా భాషలో చెప్పనా? మెయిన్ సీజన్ అంటే సంక్రాంతికి రిలీజయ్యే స్టార్ హీరో సినిమా. ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షోలు. మధ్య సీజన్ అంటే ఏ హడావిడీ లేకుండా ఒక శుక్రవారం వచ్చి, నోటిమాటతో నెల రోజులు ఆడే చిన్న సినిమా. నాకు రెండోదే ఇష్టం. మీలో చాలామందికి కూడా అదే అని నా డౌట్.

ఓడ ఎక్కేవాళ్ల కోసం పుట్టింది

క్రూజ్ అన్న పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు యూరప్, అమెరికాల్లో బాగా డబ్బున్నవాళ్లు చలికాలం రాగానే వెచ్చటి సముద్ర తీరాలకు ఓడల్లో వెళ్లిపోయేవాళ్లు. బయలుదేరేటప్పుడు మంచు, దిగేటప్పుడు ఎండ. మరి పెట్టెలో ఏం సర్దుకోవాలి? షాపుల్లో చూస్తే అన్నీ ఉన్ని బట్టలే. ఆ ఖాళీని పూరించడానికే ఈ కలెక్షన్ మొదలైంది.

ఇందులో ముందు వినిపించే పేరు కోకో షనెల్. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన బియారిట్జ్ అనే ఊరుంది. అక్కడ ఆవిడ 1915లోనే దుకాణం తెరిచింది. సెలవులకు వచ్చే ఆడవాళ్లకు జెర్సీ బట్టతో వదులుగా, సులువుగా ఉండే డ్రెస్సులు కుట్టించింది. అప్పటిదాకా జెర్సీని మగవాళ్ల లోదుస్తులకు వాడేవాళ్లు! బిగుతు కార్సెట్లకు అలవాటు పడ్డ ఆడవాళ్లకు ఆ బట్టలో ఊపిరాడింది. అదీ అసలు సంగతి. సెలవు బట్టలుగా మొదలైనవే తర్వాత రోజువారీ బట్టలయ్యాయి.

మన తీరానికీ ఈ కథలో ఒక పోగు ఉంది. అమెరికాలో 1950లు, 60లలో వేసవి సెలవుల బట్ట అంటే మద్రాస్ చెక్స్. పల్చటి కాటన్, ఎరుపు, పసుపు, నీలం గళ్లు. పేరు మద్రాస్‌దే అయినా, గళ్ల నేత మన కోస్తాకు కూడా బాగా తెలిసిన విద్య. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అనే గళ్ల బట్టను చీరాల వైపు మగ్గాల మీద నేసి పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి చేసేవాళ్లు. ఎండలో బతికే మనిషికి ఏ బట్ట హాయిగా ఉంటుందో మనవాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు కదా!

నెలల తరబడి ఎందుకు ఆడతాయి?

ఇక్కడ చిన్న వ్యాపార రహస్యం. మెయిన్ సీజన్ వేసవి బట్టలు షాపులోకి ఫిబ్రవరి ప్రాంతంలో వస్తాయి. జూన్ వచ్చేసరికి సేల్ బోర్డు పడిపోతుంది. అదే రిసార్ట్ బట్టలు నవంబర్‌లోనే వచ్చేస్తాయి. అంటే సేల్ పడేలోపు వాటికి దాదాపు ఆరు నెలల టైమ్ దొరుకుతుంది. ఎక్కువ కాలం పూర్తి ధరకు అమ్ముడయ్యే సరుకంటే ఏ వ్యాపారికి చేదు? అందుకే పెద్ద పెద్ద లగ్జరీ బ్రాండ్లలో చాలావాటికి బట్టల అమ్మకాల్లో ఎక్కువ భాగం ఈ మధ్య సీజన్ల నుంచే వస్తుంది. ర్యాంప్ మీద పేరు మెయిన్ సీజన్‌ది, గల్లాపెట్టె నింపేది మాత్రం ఇది.

ఇంతకాలం హ్యాంగర్ మీద ఉండాలంటే ఆ బట్ట ఎలా ఉండాలి? ఈ నెల ట్రెండ్ వచ్చే నెల పోయినా పాతబడకూడదు. మరీ మందం కాదు, మరీ పల్చన కాదు. కోటు కింద వేసుకోవచ్చు, కోటు తీసేసి ఒంటిగా కూడా వేసుకోవచ్చు. ఆఫీసుకు సరిపోవాలి, ఫ్లైట్‌లో నలగకూడదు, దిగగానే ఫ్రెండ్ పెళ్లి సంగీత్‌కు కూడా పనికిరావాలి. డిజైనర్ ఇక్కడ ఫొటో కోసం కాకుండా మనిషి కోసం ఆలోచించక తప్పదు. కూర్చుంటే ఎలా ఉంటుంది? జేబుల్లో ఫోన్ పడుతుందా? నాకు నచ్చేది సరిగ్గా ఇదే.

మనకు అసలు సీజన్ ఇదే

ఇంకో మాట. వసంతం, వేసవి, ఆకు రాలు కాలం, చలికాలం అన్న లెక్క పారిస్‌కు సరిపోతుంది. విజయవాడకు ఏం సరిపోతుంది? మనకు ఉన్నవి ఎండ, వాన, మళ్లీ కాస్త తక్కువ ఎండ. హైదరాబాద్‌లో జనవరి పొద్దున్న ఒక శాలువా, మధ్యాహ్నం మళ్లీ ఫ్యాను. దుబాయ్, సింగపూర్ వాళ్లదీ దాదాపు ఇదే కథ. అందుకే వెచ్చటి దేశాల కస్టమర్లు పెరిగే కొద్దీ ఈ కలెక్షన్లకు విలువ పెరిగింది.

మన డిజైనర్లు దీన్ని ముందే పట్టుకున్నారు. లాక్మే ఫ్యాషన్ వీక్ చాలా ఏళ్లపాటు తన సీజన్లకు పెట్టుకున్న పేర్లు చూడండి. ఒకటి 'సమ్మర్/రిసార్ట్'. రెండోది 'వింటర్/ఫెస్టివ్'. అక్కడ మధ్యలో వచ్చేది ఇక్కడ మెయిన్ అయిపోయింది. చలికాలం పక్కన పండగ చేరింది. ఎందుకంటే మనం బట్టలు కొనేది చలిని చూసి కాదు, దసరాను చూసి, పెళ్లి ముహూర్తాలను చూసి.

ఆ మాటకొస్తే మనకూ ఒక మధ్య సీజన్ ఉంది. ఆషాఢం! పెళ్లిళ్లు ఉండవు, షాపులు ఖాళీ, కాబట్టి సేల్. శ్రావణం రాగానే మళ్లీ కొత్త పట్టుచీరలు, పూర్తి ధరలు. తేడా ఒక్కటే. మన ఆషాఢంలో పాత సరుకు దులుపుకుంటారు, వాళ్ల ఆషాఢంలో కొత్త సరుకు దింపుతారు.

ఊళ్లకు ఊళ్లే ర్యాంప్

చప్పుడు లేకుండా వస్తాయన్నానా? పెద్ద బ్రాండ్ల విషయంలో ఆ మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ఈ సీజన్‌లో ఫ్యాషన్ వీక్‌ల షెడ్యూలు అడ్డం ఉండదు. కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ షో పెట్టుకోవచ్చు. షనెల్ 2016 మేలో క్యూబా రాజధాని హవానాలో ఒక వీధినే ర్యాంప్ చేసేసింది. అతిథులను పాత అమెరికన్ ఓపెన్ టాప్ కార్లలో తీసుకొచ్చారు. లూయీ వ్యూటాన్ అదే నెల బ్రెజిల్‌లో సముద్రం ఒడ్డున, ఎగిరే పళ్లెంలా కనిపించే నితెరోయ్ మ్యూజియం దగ్గర షో చేసింది.

మనకు దగ్గరగా వచ్చింది డియోర్. 2023 మార్చి 30న ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు తన ప్రీ-ఫాల్ షో పెట్టింది. ఆ రాతి తోరణానికి గుమ్మానికి కట్టినట్టు ఒక పెద్ద ఎంబ్రాయిడరీ తోరణం కట్టారు. మన ఇళ్లలో పండక్కి కడతామే, అలాంటిదే, కొండంత సైజులో. దాన్ని తయారుచేసింది ముంబైలోని చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్ కళాకారులు. అప్పటి డిజైనర్ మరియా గ్రాజియా కియూరీ, చాణక్యకు చెందిన కరిష్మా స్వాలీ అప్పటికే ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తూ వచ్చారు.

ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వం ఒక పక్క. పారిస్ ర్యాంపుల మీద మెరిసే ఎంబ్రాయిడరీలో ఎంతో పని మన దేశంలో, మనవాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. కానీ లేబుల్ మీద వాళ్ల పేరు రాదు. ఒక్క రాత్రికైనా వాళ్ల పని గుమ్మం మీదకు ఎక్కింది. ఇంకో పక్క చిన్న గుచ్చుకోవడం. ఆ గౌను ధరకు ఆ సూది పట్టిన చెయ్యి ఎన్ని నెలలు పనిచేయాలో అని. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచలేను.

మెరుపు వెనక అలసట

మధ్య సీజన్ అంటే నిజానికి గ్యాప్. ఆ గ్యాప్‌ను కూడా నింపేశాక డిజైనర్లకు ఊపిరి తీసుకునే టైమ్ పోయింది. డియోర్‌లో మహిళల బట్టలకు ఏడాదికి ఆరు కలెక్షన్లు. రెండు మెయిన్, రెండు మధ్య సీజన్వి, రెండు కుటూర్. రాఫ్ సైమన్స్ 2015 అక్టోబర్‌లో అక్కడి నుంచి తప్పుకున్నప్పుడు ఈ పరుగు గురించి పెద్ద చర్చే జరిగింది. ఆలోచన పండటానికి టైమ్ ఉండటం లేదని ఆయన అప్పటికే బాధపడ్డారు.

2020 మేలో కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా గూచీ డిజైనర్ అలెస్సాండ్రో మికేలే ఇక ఏడాదికి ఐదు షోలు చేయం, రెండే అని ప్రకటించారు. సీజన్ల పేర్లే వద్దన్నారు. నేనైతే చప్పట్లు కొట్టా. కానీ అది ఎక్కువ కాలం నిలబడలేదు. గూచీ 2022 మేలో ఇటలీలోని ఒక పాత కోట దగ్గర, 2023 మేలో సియోల్ రాజభవనంలో మళ్లీ క్రూజ్ షోలు చేసింది. గల్లాపెట్టె మాట కాదనడం అంత ఈజీ కాదు మరి.

ఇప్పుడు నా సొంత గోల

ఇంత జ్ఞానం ఉన్న నేను ఏం చేశానో చెబుతా. నవ్వకండి.

మూడేళ్ల క్రితం మెయిన్ సీజన్ సేల్‌లో ఒక ఒంటె రంగు ఉన్ని కోటు కనిపించింది. పద్నాలుగు వేలు. 'ఎప్పుడైనా యూరప్ వెళ్తే' అనుకుని ఆరు నెలల ఈఎంఐలో కొనేశా. యూరప్ వెళ్లలేదు. రెండుసార్లు వేసుకున్నా. ఒకసారి డిసెంబర్‌లో అరకు, ఒకసారి ఆఫీసు ఏసీ ఎక్కువైందని. రెండో వర్షాకాలానికి కూకట్‌పల్లి ఫ్లాట్ బీరువాలో దానికి బూజు పట్టింది. లెక్క వేస్తే ఒక్కోసారికి ఏడు వేలు!

దాని తర్వాత ఒక ఎగ్జిబిషన్‌లో చిన్న లేబుల్ వాళ్ల రిసార్ట్ కలెక్షన్ నుంచి షర్ట్ డ్రెస్ ఒకటి కొన్నా. సాదా మంగళగిరి కాటన్, ఇటుక రంగు, రెండు లోతైన జేబులు. ఐదు వేల నాలుగు వందలు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి, "ఇంత డబ్బు పోశావు, ఒక్క జరీ పోగైనా లేదేంటే?" అంది. నిజమే. అది ఫొటోలో కూడా పెద్దగా కనపడదు. కానీ ఈ రెండున్నరేళ్లలో తొంభై సార్లయినా వేసుకుని ఉంటా. ఒక్కోసారికి అరవై రూపాయలు. ఇప్పుడు అమ్మే, "ఆ ఇటుక రంగుది వేసుకో, నీకు బాగుంటుంది" అంటుంది.

ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అర్థమైంది. కోటు నేను వెళ్లని ఊరి కోసం కొన్నా. డ్రెస్సు నేను బతికే రోజుల కోసం కొన్నా. మన జీవితంలో పండగలు, పెళ్లిళ్లు, ట్రిప్పులు కలిపితే ఎన్ని రోజులు? మిగతావన్నీ మధ్య రోజులే. మెట్రోలో నిలబడే రోజులు, కరెంట్ బిల్లు కట్టే రోజులు. వాటికి కూడా మంచి బట్ట కావాలి కదా!

మీరూ కొనాలనుకుంటే

- ట్రిప్‌ను తలచుకుని కాదు, మీ మామూలు వారాన్ని తలచుకుని కొనండి. సోమవారం వేసుకోగలరా? అయితే ఓకే.

- లేబుల్ తిప్పి చదవండి. పైన లినెన్ అని రాసి లోపల పాలిస్టర్ లైనింగ్ వేస్తే మన మే నెలలో ఉడికిపోతారు.

- ధరను మీరు నిజంగా వేసుకునే సార్లతో భాగించండి. అబద్ధం చెప్పుకోకుండా.

- ఈఎంఐ పెట్టి మాత్రం కొనకండి. బట్ట కన్నా వాయిదా ఎక్కువ కాలం గుర్తుంటుంది. అనుభవం మీద చెబుతున్నా.

- చూడటం ఫ్రీ. ఈ కలెక్షన్ల ఫొటోలు ఫోన్‌లోనే దొరుకుతాయి. రంగుల జోడీ, కాలర్, జేబు ఎక్కడ పెట్టారు అన్నది గమనించండి. మంచి చేనేత కాటన్ తీసుకుని మీ టైలర్ దగ్గర కూర్చుంటే సగం కల అక్కడే తీరిపోతుంది.

అక్క చొక్కా ఏమైందంటే...

అక్క లేత నీలం లినెన్ చొక్కా కొంది. సంక్రాంతికి ముగ్గులు వేసేటప్పుడు వేసుకుంటానంది. టికెట్లు కూడా బుక్ చేసుకుంది. కానీ వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ వెనక్కి జరిగింది. ఇండియా వస్తే మళ్లీ ఎప్పుడు తిరిగి వెళ్లగలదో తెలియదు. ఉద్యోగం, పిల్లాడి స్కూలు. టికెట్లు క్యాన్సిల్ చేసింది. ఆ వారం అమ్మ ఫోన్‌లో మామూలుగానే మాట్లాడింది, పెట్టేశాక మాత్రం అరిసెల పిండి పని సగంలో ఆపేసి కూర్చుంది.

నేను ఆ చొక్కా గురించి అడగలేదు. ట్యాగు కూడా తీయకుండా వాపస్ ఇచ్చి ఉంటుందనుకున్నా.

సంక్రాంతి పొద్దున్న వీడియో కాల్ వచ్చింది. కిటికీ అవతల ఎండిపోయిన చెట్లు, బూడిద రంగు ఆకాశం. లోపల హీటర్ వేసుకుని, పొయ్యి మీద పొంగలి గిన్నె పెట్టుకుని అక్క. లేత నీలం చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి. భుజం మీద పసుపు మరక.

"అదేంటే, ఇంట్లో వేసుకున్నావు?" అంది అమ్మ.

"మరి ఎక్కడ వేసుకోనమ్మా? పండగ ఇక్కడే కదా ఈసారి" అంది అక్క, గరిటె తిప్పుతూ.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నాకు దగ్గరగా జరిపి, "ఆ పసుపు మరక పోవాలంటే వెంటనే ఎండలో ఆరేయమను" అంది. అక్కడ ఆ రోజు ఎండే లేదని మేమిద్దరం చెప్పలేదు.

మీ బీరువాలో కూడా ఏదో ఒక ట్రిప్ కోసం కొని, ట్యాగు తీయకుండా దాచినది ఉండే ఉంటుంది. ఈ సోమవారం దాన్ని బయటకు తీయండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం!